వెలుగుకు దారి మళ్లించే అద్దం

మూడో సంవత్సరంలో మాకు తెలుగు క్లాసు లేదు. పార్ట్-1 రెండేళ్లతో అయిపోతుంది. అయినా మొన్న వరండాలో మేడమ్ నన్ను ఆపి, "ఎండాకాలం సెలవుల్లో ఏదో ల్యాబ్‌కి ట్రైనింగ్‌కి వెళ్లావట కదా, అక్కడ ఏం చేశావో తెలుగులో రాసివ్వమ్మా, గోడపత్రికకి" అన్నారు. సరేనని తల ఊపేశాను. ఇంటికెళ్లి కాగితం ముందు కూర్చున్నాకే తెలిసింది, నాలుగు వారాలు నేను చేసిన పని పేరే నాకు తెలుగులో చెప్పడం రాదని.

ఇంట్లో మాట్లాడేది తెలుగే. మద్రాసు తెలుగు. కానీ ఎలక్ట్రానిక్స్ అంతా ఇంగ్లీషులో నేర్చుకున్నాను, వీధిలో అరవం. అందుకని ముందు మా అవ్వకి చెప్పి చూద్దామనుకున్నాను. ఆమెకి అర్థమైతే మీకూ అర్థమవుతుంది.

పని పేరు ఇది: ఆప్టికల్ ఫైబర్లకు సూక్ష్మయాంత్రిక స్విచ్చులు తయారుచేయడం. వినగానే అవ్వ, "స్విచ్చంటే లైటేసేదా?" అంది.

"కాదవ్వా, నువ్వు ఎక్స్ఛేంజిలో చేసిందే" అన్నాను. ఆ మాటతో ఆమెకీ నాకూ ఇద్దరికీ దారి దొరికింది.

మా అవ్వ మద్రాసులో ట్రంకు ఎక్స్ఛేంజి ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. ముందు నిలువెత్తు బోర్డు, దాని నిండా చిల్లులు, చేతిలో కొసకు పిన్నున్న తీగలు. ఎవరో బెజవాడకి కాల్ బుక్ చేస్తే, వాళ్ల లైను చిల్లులో ఒక పిన్ను, బెజవాడ లైను చిల్లులో జోడు పిన్ను. అంతే, ఇద్దరూ కలిశారు. మాటలు అయిపోయాక పిన్నులు పీకేయాలి. ఆర్డినరీ కాలు, అర్జెంటు కాలు, అన్నిటికీ మించి లైట్నింగ్ కాలు. రేటు ఎక్కువ, వరసలో ముందు.

ఆ ఉద్యోగంలోకి ఆడవాళ్లు వచ్చిన కథ 1878లో మొదలైంది. అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ మొదటి మహిళా ఆపరేటరు. ఆ తరువాత దేశదేశాల్లో ఆ బోర్డుల ముందు కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల అవసరం లేకుండా చేసే యంత్రానికి 1891లో పేటెంటు తీసుకున్నాయన ఆల్మన్ స్ట్రోజర్. శవపేటికలు అమ్మి అంత్యక్రియలు చేయించే వ్యాపారి. తన ఊరి ఆపరేటరు తనకి రావలసిన కాల్స్‌ని పోటీదారుకి కలుపుతోందని ఆయనకి అనుమానమట, ఆ కోపంతోనే యంత్రం కనిపెట్టాడని కథగా చెప్పుకుంటారు. మా అవ్వకి ఈ కథ చెప్తే, "కలిపే ఉంటుందిలే" అని నవ్వింది. మన దేశంలో ఆపరేటరు లేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది.

ఇప్పుడు రాగి తీగ బదులు గాజు తీగ. ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుక కంటే కాస్త మందమైన గాజు పోగు, అడ్డంగా 125 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పోగు మొత్తం వెలుగు పోదు. నడిమధ్యలో తొమ్మిది మైక్రాన్ల గుజ్జులాంటి భాగం ఉంటుంది, వెలుగు ప్రయాణం అందులోనే. గాజులో వెలుగు వేగం సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. కంటికి కనబడని వెలుగు అది, ఇన్‌ఫ్రారెడ్. వెలుగు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా, అలా సెకనుకి కోట్లసార్లు మినుకుతూ మన మాటలూ బొమ్మలూ మోసుకుపోతుంది. మన చెన్నై తీరం నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున 2020లో వేసిన కేబుల్ సుమారు 2,300 కిలోమీటర్లు, దాని కడుపులో ఉన్నదీ ఈ పోగులే.

చిక్కు వచ్చేది కూడలిలో. ఒక పోగులో వచ్చిన వెలుగుని వేరే పోగులోకి మళ్లించాలంటే మామూలుగా చేసే పని ఇది: వెలుగుని కరెంటుగా మార్చి, అందులో ఉన్న చిన్న చిన్న మూటల మీద చిరునామాలు చదివి, ఏది ఏ దారిన పోవాలో చూసి, మళ్లీ వెలుగుగా మార్చి పంపడం. దీనికి కరెంటు బాగా తింటుంది, వేడెక్కుతుంది. లైను వేగం పెంచినప్పుడల్లా పెట్టె మార్చుకోవాలి. ప్రతి మూటనీ చదవాల్సిన చోట ఇది తప్పదు. కానీ ఈ పోగులోది మొత్తం ఆ పోగులోకి పోవాలి, గంటసేపో రోజంతానో అలాగే ఉండాలి అనుకోండి. అప్పుడు చదవడం దేనికి? మధ్యలో ఒక అద్దం పెడితే చాలదా?

చాలుతుంది. అద్దం వెంట్రుకంత ఉండాలి, అంతే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్విట్జర్లాండులోని న్యూషటెల్ విశ్వవిద్యాలయంలో చేసినది. ఆ ఊరు, చుట్టుపక్కల లోయలు గడియారాలకు పేరుపడ్డవి. అక్కడి మైక్రోటెక్నాలజీ సంస్థలో మార్క్సర్, డి రూయ్ మొదలైనవాళ్లు 1997లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ట్రైనింగులో మాకు మొదటివారం చదవమని ఇచ్చింది అదే. మూడుసార్లు చదివితే గానీ నాకు బొమ్మ కట్టలేదు.

నాలుగు రోడ్ల కూడలి ఊహించుకోండి. పడమర నుంచి ఒక పోగు, ఉత్తరం నుంచి ఒక పోగు, ఈ రెండూ వెలుగు తెచ్చేవి. తూర్పుకీ దక్షిణానికీ పోయే రెండు పోగులు తీసుకెళ్లేవి. నాలుగూ కూడలి దగ్గర కాస్త ఖాళీ వదిలి ఆగిపోతాయి. ఖాళీలో ఏమీ లేకపోతే పడమటి వెలుగు నేరుగా తూర్పుకి, ఉత్తరపు వెలుగు నేరుగా దక్షిణానికి. ఇప్పుడు కూడలి మధ్యలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఏటవాలుగా పలచటి అద్దం తోశారనుకోండి. పడమటి వెలుగు దాని ఒక ముఖాన తగిలి దక్షిణానికి తిరుగుతుంది. ఉత్తరపుది రెండో ముఖాన తగిలి తూర్పుకి తిరుగుతుంది. దారులు మారిపోయాయి. అద్దం వెనక్కి లాగితే మళ్లీ మొదటికి. స్విచ్చు అంటే ఇంతే.

ఇక్కడ అద్దం రెండు ముఖాలూ పనిచేస్తున్నాయి కదా, అందుకే అది ఎంత పలచగా ఉంటే అంత మంచిది. మందంగా ఉంటే రెండు ముఖాలూ ఒకే చోట ఉండవు, ఒక వెలుగుకి సరిగ్గా అమర్చితే రెండోది పక్కకి జరుగుతుంది. తొమ్మిది మైక్రాన్ల నోట్లోకి వెలుగు పడాలి, కాబట్టి రెండు మైక్రాన్ల తేడా కూడా లెక్కే. వాళ్లు చేసిన అద్దాల్లో అతి పలచనిది 2.3 మైక్రాన్లు. ఎత్తు 75 మైక్రాన్లు. మందానికి ముప్పై రెట్లకు పైగా ఎత్తున్న నిలువు గోడ!

75 ఎందుకు? దీన్ని నేనే కాగితం మీద వేసి చూసుకుని సంతోషించాను, మీరూ వేసి చూడండి. పోగుని కూర్చోబెట్టే కాలవ లోతు కూడా 75 మైక్రాన్లే, ఎందుకంటే అద్దమూ కాలవా ఒకేసారి ఒకే తవ్వకంలో వస్తాయి. పోగు అడ్డం 125, కాబట్టి దాని నడిమధ్య కాలవ అడుగునుంచి 62.5 మైక్రాన్ల ఎత్తున ఉంటుంది. వెలుగు పోయే భాగం ఆ మధ్యకి అటూ ఇటూ నాలుగున్నర, అంటే పైకి 67 దాకా. అద్దం 75 దాకా ఉంది. సరిపోయింది. పోగు పై భాగం కాలవ బయటికి తల పెట్టి చూస్తుంటుంది, ఫరవాలేదు.

అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరిపేది ఎవరు? మోటారు పెట్టే చోటు కాదది. ఇక్కడ పని చేసేది దువ్వెన. రెండు దువ్వెనలు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని పళ్ల సందుల్లోకి రెండోదాని పళ్లు తాకకుండా కాస్త దూర్చండి. ఒకటి కదలకుండా బిగించి ఉంది, రెండోది సన్నటి స్ప్రింగుల మీద వేలాడుతోంది. రెండిటి మధ్య వోల్టేజి ఇస్తే ఆకర్షించుకుని కదిలే దువ్వెన లోపలికి దూరుతుంది. వోల్టేజి తీసేస్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకోవడం చిన్నప్పుడు అందరం చూశాం, ఇదీ ఆ శక్తే. దీనిలో ఇంకో లాభం ఉంది. అద్దాన్ని ఒకచోట నిలబెట్టి ఉంచడానికి కరెంటు దాదాపు అక్కర్లేదు, వోల్టేజి ఉంటే చాలు. ఈ రకం దువ్వెన యంత్రాలను 1989 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని బర్క్లీలో విలియం టాంగ్ మొదలైనవాళ్లు చేసి చూపించారు.

ఇక తయారీ. నేను అసలు రాయాలనుకున్న భాగం ఇదే.

ముడిసరుకు సిలికాన్. కంప్యూటరు చిప్పులకు వాడేదే. అది కరెంటు పనికే కాదు, యంత్రాల పనికి కూడా గట్టిదని, ఉక్కుతో పోల్చదగ్గ బలం ఉందని 1982లో కర్ట్ పీటర్సన్ ఒక పెద్ద వ్యాసంలో వివరంగా చూపించాడు. మనం వాడే బిళ్ల మూడు పొరల శాండ్‌విచ్. కింద మందపాటి సిలికాన్, మధ్యలో ఒకటి రెండు మైక్రాన్ల గాజు పొర, పైన 75 మైక్రాన్ల సిలికాన్. బొమ్మంతా పై పొరలో వస్తుంది.

మొదటి పని ముగ్గు వేయడం. చిల్లుల ముగ్గు రేకు నేల మీద పెట్టి పిండి చల్లితే చిల్లులున్న చోటే ముగ్గు పడుతుంది కదా. ఇక్కడ పిండి బదులు అతినీలలోహిత కాంతి, నేల బదులు ఆ కాంతికి మారిపోయే ఒక జిగురు పూత. వెలుగు పడ్డచోట పూత కరిగిపోతుంది, పడనిచోట నిలుస్తుంది. ఈ పూత నీలి వెలుగుకీ చెడిపోతుంది కాబట్టి ఆ గది అంతా పసుపు లైట్లు. మొదటిరోజు లోపలికి అడుగుపెట్టినప్పుడు పెళ్లికూతురికి నలుగు పెట్టే గదిలా ఉందనుకున్నాను. పక్కనున్న స్నేహితురాలికి కూడా తల నుంచి కాలిదాకా తెల్ల ముసుగే, కళ్లు తప్ప ఏమీ కనబడవు. పూలు పెట్టుకోకూడదు, పౌడరు రాసుకోకూడదు, కాటుక పెట్టుకోకూడదు. పౌడరు రేణువు ఒకటి దువ్వెన పళ్ల మధ్య పడితే ఆ స్విచ్చు పని అయిపోయినట్టే.

తరువాత తవ్వకం. నిలువుగా 75 మైక్రాన్ల లోతు తవ్వాలి, గోడలు వాలకూడదు. ఆసిడ్‌లో ముంచితే అన్నివైపులా తినేస్తుంది. దీనికి ఇప్పుడు ఎక్కువగా వాడేది జర్మనీలోని బాష్ కంపెనీలో 1990లలో పుట్టిన పద్ధతి. మా తాతగారి ఊళ్లో ఇసుకనేలలో బావి తవ్వేటప్పుడు ఒరలు దింపడం చూశాను. కాస్త తవ్వుతారు, గోడ కూలకుండా ఒర దింపుతారు, మళ్లీ కాస్త తవ్వుతారు. ఇదీ అంతే. ఒక వాయువు కొన్ని సెకన్లు సిలికాన్‌ని తినేస్తుంది, ఇంకో వాయువు కొన్ని సెకన్లు గోడలకి టెఫ్లాన్ లాంటి పూత వేస్తుంది. మళ్లీ మొదటి వాయువు వచ్చినప్పుడు అడుగున పూత చిరిగిపోతుంది, గోడల మీద నిలుస్తుంది. తవ్వు, పూయి, తవ్వు, పూయి. గాజు పొర తగిలేదాకా. గాజుని ఆ వాయువు అంతగా తినదు, కాబట్టి అన్నిచోట్లా లోతు సమానంగా ఆగుతుంది. దీనికి మూల్యం ఉంది. ఒరల బావి గోడకి గట్లు కనిపించినట్టే ఈ గోడలకీ సన్నటి అలలు వస్తాయి. ఆ గోడే మన అద్దం కాబట్టి నునుపు లేకపోతే వెలుగు చెదురుతుంది. న్యూషటెల్ వాళ్ల అద్దం పై భాగంలో గరుకుదనం 40 నానోమీటర్ల లోపే, నిలువు 89.3 డిగ్రీల కంటే మెరుగు.

గోడ ఎంత నునుపైనా సిలికాన్ వట్టిగా అద్దం కాదు. మన కంటికి బూడిదరంగు లోహంలా మెరుస్తుంది గానీ, ఫైబర్లలో పోయే ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి అది కిటికీ! చాలాభాగం లోంచి దూసుకుపోతుంది. కాబట్టి పైన అల్యూమినియమో బంగారమో పూత వేయాలి. వాళ్లు అల్యూమినియం వేశారు, 1300 నానోమీటర్ల వెలుగులో 76 శాతానికి పైగా తిప్పికొట్టింది.

ఇప్పుడు అన్నిటికంటే గడుసు పని. అద్దం, దువ్వెన, స్ప్రింగులు అన్నీ వచ్చాయి గానీ అడుగున గాజు పొరకి అంటుకునే ఉన్నాయి, కదలవు. శ్లాబ్ వేసినప్పుడు కింద సెంట్రింగ్ కొట్టి, సిమెంటు గట్టిపడ్డాక ఊడదీస్తారు కదా, ఈ గాజు పొర మన సెంట్రింగ్. దాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో కరిగించేస్తారు. సన్నటి భాగాల కింద రెండువైపుల నుంచీ ఆసిడ్ చొరబడి గాజు పూర్తిగా పోతుంది, అవి గాల్లో తేలుతాయి. వెడల్పైన భాగాల కింద మధ్యలో గాజు మిగిలి లంగరులా పట్టుకుంటుంది. ఏది కదలాలో ఏది కదలకూడదో నిర్ణయించేది దాని వెడల్పే. ఆ ఆసిడ్ దగ్గరికి మమ్మల్ని రానివ్వలేదు. చర్మం మీద పడితే ముందు నొప్పి కూడా తెలియకుండా లోపలికి దిగి ఎముకల్లో కాల్షియం మీద పడుతుందట. దానికి విరుగుడు జెల్ గోడకి తగిలించి ఉంటుంది, మొదటిరోజే చూపించారు.

కడిగాక ఆరబెట్టాలి. మా కథ చెడింది ఇక్కడే.

తలంటుకున్నాక వెంట్రుకలు జడలు కట్టి అంటుకుంటాయి కదా. నీరు ఆరుతూ దగ్గరున్నవాటిని లాగి కలుపుతుంది. మనకి ఆరాక విడిపోతాయి. కానీ మైక్రాన్ల లోకంలో లెక్క వేరు. ఒక వస్తువుని అన్నివైపులా వెయ్యి రెట్లు చిన్నది చేస్తే బరువు వంద కోట్ల రెట్లు తగ్గుతుంది, పై ఉపరితలం మాత్రం పది లక్షల రెట్లే తగ్గుతుంది. అంటే బరువుతో పోలిస్తే అంటుకునే గుణం వెయ్యి రెట్లు బలపడినట్టు. చీమ నీటిబొట్టులో చిక్కితే బయటికి రాలేకపోవడం అందుకే. స్ప్రింగు ఒకసారి అడుగుకి అంటుకుంటే ఆరినా విడిపోదు. దీనికి మందు ఏమిటంటే, నీటిని ఆల్కహాలుతో మార్చి, ఆల్కహాలుని ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో మార్చి, 31 డిగ్రీల వేడి, 73 వాతావరణాల పీడనం దాటించడం. అక్కడ ద్రవానికీ వాయువుకీ తేడా ఉండదు. ఉపరితలం అనేదే లేకపోతే లాగేది ఏముంది? తరువాత మెల్లగా పీడనం తగ్గిస్తే వాయువుగా పోతుంది.

మా చిప్పు ఆసిడ్ నుంచి బయటికి వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం. అదే మా ఆఖరి రోజు. ఆరబెట్టే యంత్రం వేరే వాళ్లు వాడుతున్నారు. సారు, "ఆల్కహాలులోనే ఉంచండి, సోమవారం చేద్దాం" అన్నారు. సోమవారం మేము ఉండం. కదలడం చూడకుండా ఎలా వెళ్తాం? మేమే బతిమాలాం. ఆల్కహాలుకి లాగే గుణం నీటికంటే తక్కువ, కొందరు వేడి పలక మీద నేరుగా ఆరబెడతారు, మాదీ అలాగే చేస్తాం సార్ అని. ఆయన ఒప్పుకున్నారు. పట్టకారుతో ఎత్తింది నేను. చేయి వణికిందో, ఎత్తి పలక మీద పెట్టేలోపు అంచునుంచి ఆరిపోయిందో చెప్పలేను. మైక్రోస్కోపు కింద పెట్టి సూదులు ఆనించి వోల్టేజి పెంచితే మొదటి స్విచ్చు కదల్లేదు. రెండోదీ అంతే. పన్నెండింట్లో తొమ్మిది అడుగుకి అంటుకుపోయాయి. మూడు కదిలాయి.

ఆ మూడోవాటి సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. తొమ్మిదీ పోయాయన్నదే తలలో ఉండిపోయింది. నాలుగు వారాల పని, ఒక మధ్యాహ్నపు తొందర. ఈ వ్యాసం కోసం అవ్వకి చెప్తున్నప్పుడు అది కూడా చెప్పేశాను. ఆమె ఏమీ ఓదార్చలేదు. "నేనొకసారి లైట్నింగ్ కాలు మాట్లాడతా ఉండంగానే పీకేసినాను. పక్క తీగ అనుకుని. అవతల ఎవురో ఆస్పత్రి నుంచి మాట్లాడతా ఉండారు" అంది. తరువాత ఏమైందంటే, మళ్లీ కలపడానికి పదకొండు నిమిషాలు పట్టిందట. ఆ పదకొండు ఇన్నేళ్లయినా ఆమెకి గుర్తే.

సరే, లెక్కల్లోకి వస్తాను. న్యూషటెల్ స్విచ్చు 0.2 మిల్లీసెకన్ల లోపే దారి మార్చింది. రెప్ప వాల్చడానికి సెకనులో పదో వంతు వేసుకున్నా, ఆ లోపు ఐదువందలసార్లు మారగలదు. నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు, 3 డెసిబెల్స్ పోతే వెలుగు సగమైనట్టు. పెట్టెలో బిగించిన రెండు నమూనాల్లో ఒక స్థితిలో 0.6 నుంచి 1.7 డెసిబెల్స్, రెండో స్థితిలో 1.4 నుంచి 3.4 డెసిబెల్స్ పోయాయి. 3.4 అంటే సగం కంటే ఎక్కువే గల్లంతు. ఇది ఎంతో చెప్పాలంటే, మంచి ఫైబరులో 1550 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకి 0.2 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. అంటే పదిహేడు కిలోమీటర్ల గాజులో పోయేంత వెలుగు ఆ చిన్న సందులో పోయింది! ఈ రంగంలో పోరాటమంతా ఆ సందు గురించే.

నాలుగు పోగులకి ఒక అద్దం సరే, వందల పోగులైతే? గళ్ల కాగితంలా అడ్డంగా నిలువుగా పోగులు పెట్టి ప్రతి గడిలో ఒక అద్దం నిలబెడితే 256 రాక, 256 పోక లైన్లకి 65,536 అద్దాలు కావాలి. అందుకని వేరే ఉపాయం పట్టారు. అద్దాలని నిలబెట్టకుండా పడుకోబెట్టి, అటూ ఇటూ రెండు దిక్కులకీ వంగేలా చేసి, రెండు పలకలుగా ఎదురెదురు పెట్టారు. మొదటి పలకలో ఒక అద్దం వెలుగుని రెండో పలకలో కావలసిన అద్దం మీదికి విసురుతుంది, అది తన పోగులోకి దింపుతుంది. 512 అద్దాలతో సరిపోతుంది. కష్టమల్లా, ఇక్కడ అద్దం ఉందా లేదా అని రెండే స్థితులు కాదు, ఎంత వంగాలో అణువణువూ సరిగ్గా ఉండాలి.

లూసెంట్ కంపెనీ 1999లో ప్రకటించిన లాంబ్డారూటర్ ఇలాంటిదే, 256 లైన్లది. 2000 మార్చిలో నార్టెల్ కంపెనీ జ్రోస్ అనే చిన్న కంపెనీని 325 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొనేసింది, ఆ కంపెనీ చేస్తున్నదీ ఇలాంటి అద్దాల పెట్టే. మరుసటేడు టెలికాం మార్కెట్టు కుప్పకూలింది. వేసిన ఫైబరే వాడేవాళ్లు లేరు, ఇంక స్విచ్చులు ఎవరికి? లూసెంట్ వాళ్లు ఆ పెట్టెని ఆపేశారు. నేను పుట్టకముందే పుట్టి పోయిన సరుకు అన్నమాట.

కానీ అద్దాలు పోలేదు. గూగుల్ వాళ్లు తమ డేటా సెంటర్ల కోసం పాలోమార్ అనే పేరుతో 136 రాక, 136 పోక లైన్ల అద్దాల స్విచ్చు సొంతంగా చేసుకున్నారని 2022లో వాళ్లే రాశారు. కృత్రిమ మేధ కోసం 4,096 చిప్పులు కలిపిన వాళ్ల యంత్రంలో అలాంటివి 48 ఉన్నాయి. అందులో నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. ఒక్కో పలక మీద వాళ్లు చేసేది 176 అద్దాలు. వాటిలో బాగా పనిచేసే 136 ఏరుకుంటారు. మిగతా నలభై పక్కన పెట్టేస్తారు. అంత పెద్ద కంపెనీ, అంత డబ్బు, అయినా నలభై పోతాయని ముందే లెక్క వేసుకుని గీత గీశారు. మేము పన్నెండు చేశాం, పన్నెండూ ఆడాలనుకున్నాం.

అంతా విన్నాక అవ్వ అడిగిన ప్రశ్న ఒకటే. "సరే, అద్దం కలుపుతాది. మాటలు వినేదెవురు మరి?" ఆమె కాలంలో కాలు కలిసిందా లేదా అని ఆపరేటరు చెవి పెట్టి చూడాలి. ఎవరూ వినరు అవ్వా, అద్దానికి ఒకటీ సున్నా కూడా తెలియవు, వేగం పదింతలు పెంచినా అద్దం అదే అద్దం అన్నాను. మూటమూటకీ చిరునామా చదివే పెట్టెలు పోలేదు, అవి చేసే పని అద్దం చేయలేదు, ఎందుకంటే అద్దం ఎంత చురుకైనా దానికి మిల్లీసెకనులో కొంత భాగమైనా కావాలి, మూటలు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా వస్తాయి అని కూడా చెప్పాను. "అయితే ఇది ట్రంకు కాలే" అంది. మా ప్రాజెక్టు రిపోర్టులో నేను మూడు పేజీలు రాసిన తేడా అది.

ఆ చిప్పు నా దగ్గరే ఉంది, సారు ఇచ్చేశారు. ఈ గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ తెలుగు విభాగంలో పెడతాను. ఫిజిక్స్ ల్యాబ్ నుంచి మైక్రోస్కోపు అడిగాను, ఇస్తామన్నారు. పై వరసలో ఎడమ నుంచి రెండోది, కింది వరసలో చివరి రెండూ కదిలినవి. వోల్టేజి లేదు కాబట్టి ఇప్పుడు కదలవు, దువ్వెన పళ్లు మాత్రం లెక్కపెట్టొచ్చు. దయచేసి మూత తీయకండి, దగ్గరగా వచ్చి ఊదకండి.